సుంకి ఘాట్ దిగే లారీకి ఎగ్జాస్ట్ బ్రేకా, జేక్ బ్రేకా: ఏది మేలు?

కోరాపుట్ నుంచి పొట్టంగి మీదుగా సాలూరుకి లోడు దించే మనవాళ్లకి సుంకి ఘాట్ సంగతి నేను చెప్పక్కర్లేదు. కాలు పెడల్ మీదే ఉంచి దిగితే డ్రమ్ములు కాలిపోయి, కింది మలుపులకి వచ్చేసరికి బ్రేకు పట్టదు. అందుకే బండి కొనేముందు మైలేజీ కాదు, ఇంజిన్ బ్రేకు (చక్రాల బ్రేకు కాకుండా, ఇంజినే బండిని నెమ్మదింపజేసే ఏర్పాటు) ఏ రకమో అడగండి.

పాత టెన్ టైర్లలో తరచుగా కనిపించేది ఎగ్జాస్ట్ బ్రేకు. పొగగొట్టంలో రేకులాంటి వాల్వు అడ్డం పడుతుంది, పొగ పోయే దారిలేక ఇంజిన్ నెమ్మదిస్తుంది. చవక, రిపేరూ తేలిక. కానీ ఒత్తిడి హద్దు దాటితే ఇంజిన్‌లోని ఎగ్జాస్ట్ వాల్వులు తెరుచుకోకుండా వాటి స్ప్రింగులు ఆపలేవు, అందుకే దాని బలం అక్కడితో ఆగిపోతుంది.

రెండో రకం జేక్ బ్రేకు. దాని వెనక కమిన్స్ డీజిల్ ఇంజిన్ల కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్ ఉన్నారు. 1931లో ఆయన లారీ మీద అమెరికా ఒక కొస నుంచి ఇంకో కొసకి వెళ్తూ, కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగేటప్పుడు బ్రేకులు పోయి, గూడ్స్ రైలుని గుద్దబోయి తృటిలో బయటపడ్డారు. ఇంజిన్‌నే బ్రేకుగా వాడాలన్న ఆలోచనకి ఆ అనుభవమే మూలం. మామూలుగా ఇంజిన్‌లో గాలిని నొక్కడానికి పిస్టన్ బలం ఖర్చుపెడుతుంది, ఆ గాలే మళ్లీ పిస్టన్‌ని నెట్టి బలం తిరిగిచ్చేస్తుంది. నొక్కడం పూర్తవుతుండగా ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి గాలి వదిలేస్తే ఇక తిరిగొచ్చేదేం ఉండదు, ఇంజినే బండిని పట్టి ఆపుతుంది. మరి సరిగ్గా ఆ క్షణంలో వాల్వు తెరిచేదెవరు? కమిన్స్ ఇంజిన్‌లో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ని నొక్కే క్యామ్ అప్పటికే ఆ టైమింగ్‌లో కదులుతోంది, ఆ కదలికనే ఆయిల్ ఒత్తిడితో వాల్వుకి అందించారాయన. ఎంత అందమైన ఆలోచనో! జాకబ్స్ కంపెనీ 1961లో దాన్ని అమ్మకానికి తెచ్చింది, 'జేక్' అన్న పేరు ఆ కంపెనీదే, ఆయనకి పేటెంట్ 1965లో వచ్చింది.

ఘాట్‌లో రోజూ ఫుల్ లోడు దించే పెద్ద బండి కొత్తగా కొంటుంటే, ఖరీదెక్కువైనా నా ఓటు జేక్ పద్ధతికే. శబ్దం ఎక్కువే, సైలెన్సర్ బాగోకపోతే ఊళ్లలో జనం తిడతారు. పాత బండి అయితే దానికి డబ్బు తగలెయ్యొద్దు, ఉన్న ఎగ్జాస్ట్ బ్రేకులో మసి పేరుకుని వాల్వు బిగుసుకుపోకుండా చూసుకుంటే చాలు.

ఏది ఉన్నా చిన్న గేరులో దిగితేనే పని చేస్తుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేస్తే రెండూ లేనట్టే, పైగా గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్షన్ ఎలాగూ ఆగిపోతుంది కాబట్టి మిగిలేదీ ఏం లేదు. వానలో ఖాళీ బండి అయితే మాత్రం ఇంజిన్ బ్రేకు జాగ్రత్తగా వాడండి, వెనక చక్రాలు జారతాయి.