రాజమార్గం అందమైనదా, తిన్ననైనదా?

పెళ్లిపత్రికలు, సభల కరపత్రాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా పని. పోయిన పుష్యమాసంలో త్యాగరాజ ఆరాధన కరపత్రం ఒకటి బల్ల మీదికి వచ్చింది. అందులో ఖరహరప్రియ కీర్తన ‘చక్కని రాజమార్గము లుండగ సందుల దూరనేల’కు తాత్పర్యం ‘అందమైన రాజవీధులు ఉండగా’ అని రాశారు. అక్షరదోషం కాదు కనుక నేను వేలు పెట్టకూడదు. అయినా కలం కదలలేదు. సందులు అందంగా ఉండవనా త్యాగయ్య గొడవ?

ఇలాంటి అనుమానాలకే ఆ మధ్య ఒక నిఘంటువు పునర్ముద్రణ కొన్నాను. ప్రచురణకర్త పేరు ఎందుకు లెండి, సరిగ్గా చకారం దగ్గర పదహారు పేజీలు లేవు! అడిగితే, మళ్లీ అచ్చువేసినప్పుడు చూద్దామన్నారు. అందుకని ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటుశోధన తెరిచాను. పైసా అడగరు. మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఒకదాని కింద ఒకటి తెర మీద పరుచుకుంటాయి. అన్నీ కొని పెట్టుకోవాలంటే నా ఇంట్లో బీరువా చాలదు.

‘చక్క’ దగ్గర అందం ఒక్కటే లేదు. తిన్నగా ఉండటం, సరిగ్గా ఉండటం కూడా ఉన్నాయి. చదువుతుంటే రోజూ నోట్లో ఆడే మాటలే కొత్తగా వినిపించాయి. వంకరను చక్కదిద్దుతాం, ఇల్లు చక్కబెడతాం, చెడిన పని చక్కబడిందంటాం. వీటిలో అందం ఎక్కడుంది? త్యాగయ్య దారి తిన్ననిది, సందులు మెలికలవి.

అలాగని అన్నిచోట్లా ‘తిన్నని’ అని పెడితే నవ్వులపాలవుతాం. అన్నమయ్య ‘చక్కని తల్లికి చాంగుభళా, తన చక్కెర మోవికి చాంగుభళా’ అన్నప్పుడు అమ్మవారి అందమే కళ్ల ముందుంటుంది. ‘చక్కని’ నుంచి ‘చక్కెర’కు జారేటప్పుడు నోరూ తియ్యబడుతుంది. అక్కడ ‘సుందరమైన’ అని వేసి పాడి చూడండి, చప్పబడిపోతుంది. ‘చక్కనమ్మ చిక్కినా అందమే’ అనే సామెతలోనూ రూపమే. ఒకే మెచ్చుకోలు ఒకచోట దారికి, ఒకచోట తల్లికి అతికింది.

ఈ నిఘంటుశోధన ఎవరికి పనికొస్తుందంటే, నాలాగా ఒక్క మాట దగ్గర గంటసేపు కూర్చోగలిగే వాళ్లకు. పాత నిఘంటువులు ఉదాహరణ పద్యం ఇచ్చి కావ్యం పేరును రెండు పొడి అక్షరాల్లో సూచిస్తాయి. వాటికి అలవాటు పడాలి. అదే సైటులో కీర్తనలు, శతకాలు కూడా ఉన్నాయి. అర్థం చూసిన చేతితోనే ప్రయోగమూ చూడవచ్చు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

చివరికి కరపత్రం రాసిన సంగీతం టీచరుగారికి ఫోను చేసి, “అమ్మా, ‘తిన్నని రాజవీధులు’ అని మార్చమంటారా?” అని అడిగాను. ఆవిడ ఫోనులోనే పల్లవి ఒకసారి కూనిరాగం తీశారు. “మార్చండి బాబూ. నలభై ఏళ్లుగా పిల్లలకు అందమైన వీధులనే చెబుతున్నాను” అన్నారు. ఆ తర్వాత వెబ్‌సైటు పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని రాసుకున్నారు.