చైనా, భారత్: పట్టణ జనాభా పెరిగిన రెండు తీరులు
1980లో చైనా జనాభాలో పట్టణవాసులు ఐదో వంతు కూడా లేరు. 2011లో సగం దాటి, 2020 జనగణన నాటికి దాదాపు 64 శాతానికి చేరారు. మన దేశంలో 2001లో 27.8 శాతంగా ఉన్న వాటా 2011 నాటికి 31.2 శాతమే అయింది. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి మనం వెనకబడ్డామనడం తొందరపాటే. మన దగ్గర ఐదు వేల జనాభా, తగిన జనసాంద్రత ఉన్నా, పనిచేసే మగవారిలో 75 శాతం మంది వ్యవసాయేతర పనుల్లో లేకపోతే ఆ ఊరు పల్లెగానే మిగులుతుంది. ఈ షరతులన్నీ తీరి పట్టణాలుగా లెక్కకెక్కిన ‘జనగణన పట్టణాలు’ పదేళ్లలో 1,362 నుంచి 3,894కు పెరిగినా, అక్కడ పాలన మాత్రం సాధారణంగా పంచాయతీలదే, అంటే మురుగు కాలువకూ వీధి దీపానికీ సర్పంచినే అడగాలి. చైనాలో చిక్కు వేరు: ప్రతి మనిషినీ సొంత ఊరి పేరున నమోదు చేసి, సర్కారు సేవలను ఆ నమోదుకే ముడిపెట్టే 1958 నాటి హుకౌ పద్ధతి మూలంగా, పల్లె నుంచి షెన్‌జెన్ చేరి ఏళ్ల తరబడి ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి పట్టణ జనాభాలో లెక్కకు వచ్చాడు గానీ, పిల్లల్ని బడిలో చేర్పించేటప్పుడు చాలాకాలం పరాయివాడిగానే నిలబడ్డాడు.