సంగమేశ్వరం: నాయనమ్మ మొక్కు, పడవవాడి బేరం

శ్రీశైలం జలాశయంలో మునిగి, నీళ్లు తగ్గినప్పుడే బయటపడే సంగమేశ్వరం గుడికి పెద్దవాళ్లను తీసుకుని వెళ్లేవాళ్లు కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి పడవ ఎక్కకండి. ఆత్మకూరు, కపిలేశ్వరం మీదుగా కారులో వెళ్లండి. మేం పడవెక్కి బాధపడ్డాం.

మాది శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊరు. 1981లో ఖాళీ చేయించారు. అంతకుముందు ప్రతి శివరాత్రికీ నాయనమ్మ పుట్టిలో కృష్ణ దాటి సంగమేశ్వరుడి దగ్గరికి వెళ్లేదట. నీళ్లు తగ్గి గుడి తేలిందని తెలియగానే ఈ ఏప్రిల్‌లో ఐదుగురం బయల్దేరాం. కొల్లాపూర్‌లో లాడ్జికి 1,200. బాగుంది.

రేవులో మనిషికి 300 అన్నారు, రానుపోను. 1,500 ముందే ఇచ్చాం. ఐదుగురికి లైఫ్ జాకెట్లు మూడే! అవతలి ఒడ్డున దిగాక పడవవాడు మాట మార్చాడు. అరగంటే ఆగుతాడట, ఎక్కువసేపైతే ఇంకో వెయ్యి ఇవ్వాలట. నాయన గొంతు పెంచాడు. నాయనమ్మ మాత్రం ఎవరికీ అందకుండా బురదలో నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెయ్యీ ఇచ్చేశాం.

గుడి చూస్తే కోపమంతా పోయింది. గోడల నిండా ఎండిన ఒండ్రు. నెర్రెల్లో తెల్లటి ఆల్చిప్పలు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పే వేపమొద్దు లింగం మాత్రం చెక్కుచెదరలేదు. 1981లో మునిగింది 2003లో గానీ మళ్లీ బయటపడలేదు, అయినా పుచ్చలేదు. నాయనమ్మ దానిమీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయింది. పూజారిగారు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. పళ్లెంలో వేసిన వందలో యాభై తిరిగిచ్చి, "అవ్వ చేతిలో పెట్టండి" అన్నారు. శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం 838 అడుగులకు దిగితేనే గుడి పూర్తిగా కనబడుతుంది కాబట్టి ముందు అది కనుక్కుని వెళ్లండి.

మర్నాడు అలంపురం. మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి కట్టిన ఇంకో సంగమేశ్వరాలయం అక్కడే ఉంది. దాన్ని చూసి నాయనమ్మ, "గుడిని మోసుకొచ్చిన్రు, మమ్మల్నే వదిలేసిన్రు" అంది. ఆ మాటకు నాయన రోజంతా ముభావంగా ఉన్నాడు.

సంగమేశ్వరం నుంచి తిరిగొస్తుంటే నది మధ్యలో నాయనమ్మ చెయ్యి చూపించి, "మన చింతచెట్టు ఆడనే" అంది. ఒక్క నిమిషం ఇంజన్ ఆపమని అడిగాం. "డీజిల్ మీరు పోస్తారా?" అన్నాడు పడవవాడు. పడవ పోతుండగానే ఆమె కొంగులోని కొబ్బరిచిప్పను అటువైపు నీళ్లలోకి విసిరింది.