ఇరవై మూడు శాతం దగ్గర ఆగిపోయే బ్యాటరీకి మందేది?

విజయవాడ బస్‌స్టేషన్‌లో ఏలూరు బస్సు కోసం నిలుచుని ఉండగా నా ఫోను ‘ఇరవై మూడు శాతం’ అంది. పది నిమిషాల తరువాత తాకితే ఉలుకూ పలుకూ లేదు. చూపున్నవాళ్లయితే నల్లబడిన తెరను చూసి సంగతి గ్రహిస్తారు. చూపు లేని నాకు మిగిలింది మౌనమే. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆగిందా, శబ్దం తగ్గిపోయిందా, బ్యాటరీయే అయిపోయిందా? మూడింటి మౌనమూ ఒకేలా ఉంటుంది. ఛార్జర్ తగిలించాక కూడా ఆ అయోమయం తీరలేదు. పూర్తిగా ఖాళీ అయిన ఫోను తెర మీద ఛార్జింగ్ బొమ్మ చూపిస్తుందే తప్ప నోరు విప్పదు. ఆ సాకెట్‌లో కరెంటు వస్తోందో లేదో పక్కనున్న పెద్దాయనను అడిగి తెలుసుకున్నాను.

అప్పటినుంచి బ్యాటరీని తూచే నా తక్కెడ మారింది. పది గంటలు వస్తానని చెప్పి ఏడో గంటకే చేతులెత్తేసే బ్యాటరీ కంటే, ఐదు గంటలే వచ్చినా ఆ ఐదూ నిజం చెప్పేది నాకు మేలు. మా మిత్రులు ఎప్పుడు కలిసినా వాదించుకునే పద్ధతులు మూడు: అప్పుడప్పుడు పూర్తిగా దించి మళ్లీ ఎక్కించే కాలిబ్రేషన్, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేయడం, విప్పి మార్చుకోగల బ్యాటరీ ఉన్న పరికరం కొనడం. వీటిని ఆ తక్కెడలోనే పెట్టి చూస్తాను.

అసలు ఆ శాతం ఎలా పుడుతుందో తెలిస్తే సగం వాదన తీరిపోతుంది. గ్యాస్ సిలిండర్‌ను కాస్త ఎత్తి చూస్తే ఎంత మిగిలిందో చేతికి తెలుస్తుంది. బ్యాటరీకి ఆ వీలు లేదు. లోపలి చిప్పు ఎంత కరెంటు వచ్చింది, ఎంత పోయింది అని కిరాణా కొట్టు పద్దులా రాసుకుంటూ పోతుంది. పద్దులో చిన్న చిన్న తప్పులు చేరుతూనే ఉంటాయి. లిథియం అయాన్ సెల్ నిండినప్పుడు వోల్టేజి సాధారణంగా 4.2 దగ్గర ఉంటుంది, అడుగంటే వేళకు 3 వైపు వేగంగా జారుతుంది. మధ్యలో మాత్రం 3.7కు అటూ ఇటూగా చాలాసేపు నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, దాన్ని బట్టి శాతం చెప్పడం కష్టం. పైఅంచునో కిందిఅంచునో తాకినప్పుడే చిప్పుకు తన పద్దు సరిచూసుకునే అవకాశం గట్టిగా దొరుకుతుంది. పైగా బ్యాటరీ వయసుతో కుంచించుకుపోతుంది. పాత సామర్థ్యాన్నే నమ్ముకుని లెక్క వేస్తే, ఇంకా 23 ఉందనుకున్న చోట నిజానికి ఏమీ ఉండదు.

కాలిబ్రేషన్ అంటే ఆ పద్దును సరిచేయించడమే. 100 వరకు ఎక్కించి, ఇంకో గంటో రెండు గంటలో అలాగే ఉంచి, పరికరం తనంతట తాను ఆగిపోయేదాకా వాడి, మధ్యలో తీయకుండా మళ్లీ నింపాలి. దీనివల్ల బ్యాటరీ బలం రవ్వంత కూడా పెరగదు. పెరుగుతుందనే నమ్మకం పాతరకం నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీలను మార్కెట్‌లోకి తెచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆ నమ్మకం మనను వదలలేదు. పదేపదే పూర్తిగా ఖాళీ చేస్తే లిథియం బ్యాటరీ త్వరగా అరుగుతుంది కూడా. శాతం అబద్ధం చెబుతోందని అనుమానం వచ్చినప్పుడు, లేదా మూడు నాలుగు నెలలకు ఒకసారి చేస్తే చాలు.

మాకు ఇందులో వేరే చిక్కుంది. ఫోను ఆగిపోయే ఆ పూటంతా కరెన్సీ నోటు గుర్తుపట్టేది, ఉత్తరం చదివి పెట్టేది, దారి చెప్పేది కూడా ఆగిపోతాయి. అందుకే నేను ఆదివారం ఇంట్లోనే ఉండి చేస్తాను. స్లీప్ టైమర్ తీసేసి ఏదో ఒక ఆడియో పుస్తకం పెట్టి వదిలేస్తాను, గొంతు ఆగిందంటే పని అయినట్టే. మాలాంటివాళ్లు ఆడియో పుస్తకాలు వినే డెయిజీ ప్లేయర్‌కూ ఇదే ఉపాయం.

ఇక 80 శాతం అలవాటు. బ్యాటరీ ఆయుష్షు ఒక్కటే చూస్తే దీనిదే పైచేయి. నిండుగా ఉండటం, వేడి, ఈ రెండూ కలిస్తే లిథియం సెల్ తొందరగా ముసలిదవుతుంది. ఐఫోన్ వాడేందుకు ఆపిల్ చెప్పే వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవాళ్లు ఆ మాట విని నవ్వుకోవాలి. రాత్రంతా 100 దగ్గర, అదీ తలగడ కింద, ఛార్జింగ్‌లో ఉంచకపోతే మంచిదే.

అయితే తక్కెడలో పెట్టగానే లోపం బయటపడుతుంది. ఎప్పుడూ 20కీ 80కీ మధ్యే తిరిగే బ్యాటరీ ఏ అంచునూ తాకదు, దాని పద్దు సరిచూసే రోజే రాదు. ఆయుష్షు పెరుగుతుంది, నిజాయితీ తగ్గుతుంది. ఈ సంగతి తయారీదారులకూ తెలుసు: ఐఫోన్‌లో 80 శాతం పరిమితి పెట్టుకున్నా, శాతం లెక్క సరిగ్గా ఉండటం కోసం అది అప్పుడప్పుడు 100 వరకు ఎక్కుతుందని ఆపిల్ చెబుతోంది. పాత ఫోన్లలో, చిన్న పరికరాలలో ఆ పని మనమే చేయాలి. పైగా ఐదో వంతు వదులుకోవడం అందరికీ ఒకటి కాదు. సీయింగ్ ఏఐ, బీ మై ఐస్ లాంటి, ఎదుట ఏముందో మాకు తెలిపే యాప్‌లు కెమెరాను, తరచుగా నెట్‌ను కూడా వాడి బ్యాటరీని గటగటా తాగేస్తాయి. ఊరు వెళ్లే రోజు నేను 100 వరకు ఎక్కించుకునే వెళ్తాను.

మాటలో మాట. ఈ వాదాలన్నిటికన్నా ముందు తెర ఆర్పండి. ఐఫోన్ స్క్రీన్ రీడర్ అయిన వాయిస్‌ఓవర్‌లో మూడు వేళ్లతో మూడుసార్లు తడితే స్క్రీన్ కర్టెన్ పడి తెర ఆరిపోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర దాచడమంటే నల్ల పొర కప్పడమే. ఎల్‌సీడీ తెర అయితే దాని వెనక దీపం వెలుగుతూనే ఉంటుంది కనుక వెలుతురు స్థాయి కూడా పూర్తిగా తగ్గించాలి. నేను రెండేళ్లు నిండు వెలుతురుతో ఫోను మోశాను, ఎవరికోసమో మరి!

కొత్తగా కొనేవాళ్లకు నా ఓటు మాత్రం మూడోదానికే. ఆర్బిట్ రీడర్ 20 బ్రెయిలీ పరికరంలో, 2013లో వచ్చిన రెండో తరం విక్టర్ రీడర్ స్ట్రీమ్ అనే డెయిజీ ప్లేయర్‌లో బ్యాటరీని మనమే విప్పి మార్చుకోవచ్చు. జేబులో నిండిన బ్యాటరీ ఇంకొకటి ఉంటే శాతం అబద్ధమాడినా నష్టం ఒక్క నిమిషమే. ఐరోపా సమాఖ్య 2027 ఫిబ్రవరి 18 నుంచి, కొన్ని మినహాయింపులతో, చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవారే మార్చుకోగలిగేలా ఉండాలని చట్టం చేసింది. ఇబ్బంది నకిలీలతోనే, పైన అచ్చువేసిన సామర్థ్యాన్ని మేము చదవలేం, చదివినా నమ్మలేం. ఉబ్బిందా లేదా అన్నది మాత్రం మా వేళ్లకు బాగానే తెలుస్తుంది: బల్ల మీద పెట్టి తిప్పితే ఉబ్బినది బొంగరంలా తిరుగుతుంది. దాన్ని వెంటనే పక్కన పెట్టండి. కొత్త బ్యాటరీ వేశాక ఒక్కసారి కాలిబ్రేషన్ చేయడం మంచిది, పాత బ్యాటరీ పద్దు పరికరంలోనే మిగిలిపోయి ఉండవచ్చు.

తెల్లకర్రకు బిగించుకునేలా ఐఐటీ ఢిల్లీవాళ్లు రూపొందించిన స్మార్ట్‌కేన్‌ను ఇక్కడ మెచ్చుకోవాలి. ధ్వని తరంగాలతో మూడు మీటర్ల లోపు అడ్డంకులను పసిగట్టి వణుకుతుంది. ఛార్జింగ్ అయిపోతే? చేతిలో తెల్లకర్ర ఎలాగూ ఉంటుంది.

బ్యాటరీ విప్పే వీల్లేని ఫోను ఇప్పటికే ఉన్నవాళ్లు 80 దగ్గర ఆపుకుంటూ, మూడు నెలలకోసారి అంచులు తాకించడమే దారి. పవర్ బ్యాంకు ఉందిగా అంటారు కొందరు. ఉంది, దానిలో ఎంత మిగిలిందో నాలుగు చుక్కల దీపాలు చెబుతాయి, నాకు కాదు. అందుకే పూర్తిగా నింపిన రోజు దాని నడుముకు రబ్బరు బ్యాండు తొడుగుతాను, వాడగానే తీసేస్తాను. ఈ ఉదయం సంచిలో చేయి పెట్టి చూస్తే బ్యాండు లేదు.