పాండీ బజార్‌లో కొన్న రెండు అయస్కాంత కంకణాలు

కుడి మణికట్టు నొప్పితో చపాతీ పిండి కలపడానికి కూడా అవస్థ పడుతున్న మా అత్తగారు అయస్కాంత కంకణం కావాలని పట్టుబట్టడంతో, చెన్నై పాండీ బజార్‌లోని ఒక ఫ్యాన్సీ నగల దుకాణంలో రెండు కొన్నాను. ఒకటి హెమటైట్ అనే ఇనుప ఖనిజపు రాయి పేరుతో అమ్మే పూసల గొలుసు, 450 రూపాయలు. రెండవది లోపలి వైపు నియోడిమియం అనే లోహంతో చేసిన చిన్న చిన్న బలమైన అయస్కాంతాలు పొదిగిన స్టీలు కడియం, 1,800 రూపాయలు. ఆవిడ రెండు నెలలు వాడిన తరువాత రాస్తున్నాను.

దుకాణదారు మర్యాదస్తుడు, తెలుగులోనే ఓపికగా మాట్లాడాడు. అయితే "రక్తంలో ఇనుముంది కదమ్మా, అయస్కాంతం దాన్ని లాగి రక్తాన్ని పరుగెత్తిస్తుంది" అన్న అతని మాట నిలిచేది కాదు. హిమోగ్లోబిన్‌లోని ఇనుము మేకులోని ఇనుములాగా అయస్కాంతానికి అతుక్కోదు. అతుక్కునేదే అయితే, 1.5 టెస్లా, అంటే 15,000 గౌస్‌ల (రెండూ అయస్కాంత బలానికి కొలతలే) ఎమ్మారై యంత్రంలో పడుకున్నవారు క్షేమంగా లేచి వచ్చేవారు కారు.

పెట్టె మీద ముద్రించిన గౌస్ అంకెను చూసి ఎంచుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ బలం అయస్కాంతానికి దూరమయ్యే కొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. నాలుగు మడతల చీర కొంగు మీదుగా గుండుసూదిని పెట్టి చూస్తే కడియం లాగింది, గొలుసు లాగలేదు. సహజమైన హెమటైట్‌కు అయస్కాంత శక్తి బహు స్వల్పం. ఆ పేరుతో గట్టిగా అతుక్కునే పూసలు సాధారణంగా ఫెర్రైట్ అనే కృత్రిమ అయస్కాంత పదార్థంతో తయారుచేసిన పూసలే కనుక, రాయి అని చెప్పి అడిగే ధర ఇవ్వనవసరం లేదు.

నొప్పి సంగతికి వస్తే, 2004లో బ్రిటన్‌లో తుంటి, మోకాలి కీళ్లు అరిగిన 194 మందిపై జరిగిన పరీక్షలో అయస్కాంత కంకణం ధరించినవారికి కొంత ఉపశమనం కనిపించింది గాని, అది అయస్కాంతం వల్లనో నమ్మకం వల్లనో ఆ పరిశోధకులే తేల్చలేకపోయారు. 2013లో యార్క్ విశ్వవిద్యాలయం వారు ప్రచురించిన పరిశోధనలో 70 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) రోగులు అయస్కాంత పట్టీలను, అయస్కాంతత్వం తీసేసిన పట్టీని, రాగి కంకణాన్ని వంతులవారీగా ధరించగా, నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా ఏదీ తేలలేదు. మా అత్తగారి నొప్పి తగ్గింది. కానీ అదే నెలలో డాక్టరు చెప్పిన మణికట్టు పట్టీ కూడా మొదలుపెట్టారు కాబట్టి, ఆ ఘనతను నేను కడియానికి కట్టబెట్టలేను.

పెట్టె మీద తప్పక ఉండవలసిన హెచ్చరికలేవీ లేవు. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఇలాంటి అయస్కాంతాలను ఆ పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఇన్సులిన్ పంపు వాడేవారూ డాక్టరును అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు. నియోడిమియంకు సాధారణంగా నికెల్ పూత వేస్తారు, అది కొందరి చర్మానికి పడదు. చెన్నై చెమటకు అత్తగారి మణికట్టు మూడో వారానికే దురద పెట్టి ఎర్రబడింది. రాత్రిళ్లు కడియాన్ని మామగారి కీ ఇచ్చే హెచ్‌ఎంటి వాచీ పక్కన పెట్టడంతో అది ముందుకు పరుగెత్తడం మొదలుపెట్టింది. అయస్కాంతత్వం పట్టిన సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే అలాగే జరుగుతుందట. వాచీలు బాగుచేసే ఆయన ఆ అయస్కాంతత్వాన్ని పోగొట్టి 100 రూపాయలు తీసుకున్నాడు.

కడియం మెరుపు ఇంతవరకు తగ్గలేదు, కొండి గట్టిది. నగగా చూస్తే 1,800 ఎక్కువే. గొలుసు తిరిగి ఇవ్వబోతే డబ్బు ఇవ్వలేదు, బదులుగా ఒక జత చెవి బుట్టలు తీసుకోమన్నాడు. అవి మాత్రం చాలా బాగున్నాయి.