ఇంటికొచ్చే నైట్ నర్సు సర్వీసు: ఏడాది దాటాక

మా నాన్నగారికి 78 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీ ద్వారా రాత్రి డ్యూటీకి నర్సును పెట్టుకుని ఏడాది దాటింది. ఒళ్లు తుడవడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, బీపీ చూడటం అందరూ చేసేవే. ఒక్క రాత్రి సంగతి మాత్రం చెప్పాలి.

నొప్పికి డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు. నొప్పి బాగా తగ్గింది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం నాన్నగారి మాట తేడా కొట్టింది. ఎప్పుడో పోయిన నానమ్మను పిలుస్తారు, మంచం దిగి ఊరెళ్తానంటారు, దుప్పటి పీకేస్తారు. జబ్బు మెదడుకు పాకిందని బాబాయి ఏడ్చేశాడు. మార్ఫిన్ ఆపేయమని ఒకరు, నిద్రమాత్ర వేయమని ఇంకొకరు. ఇల్లంతా టెన్షన్.

సిస్టర్ ఎవరితోనూ వాదించలేదు. "తాతగారు ఇవాళ యూరిన్‌కి ఎన్నిసార్లు వెళ్లారు? మోషన్ ఎప్పుడైంది?" అని అడిగింది. బొడ్డు కింద మెల్లగా నొక్కి చూసింది. అక్కడ గట్టిగా ఉబ్బి ఉంది, నాన్నగారు ఆమె చెయ్యి తోసేశారు. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన సరేనన్నాక కెథెటర్ (యూరిన్ బయటికి తీసే సన్నని గొట్టం) వేసింది. దాదాపు లీటరు యూరిన్ వచ్చింది. కాసేపటికే నాన్నగారు ప్రశాంతంగా పడుకున్నారు. మర్నాడు ఎనిమా ఇచ్చారు. ఆ తర్వాత మమ్మల్ని పేరుపేరునా పిలిచి, పేపరు ఇమ్మన్నారు.

మార్ఫిన్‌తో మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుందట, అందుకే విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే ఇవ్వాలట. కొందరికి యూరిన్ కూడా ఆగిపోతుంది, ప్రోస్టేట్ సమస్య ఉంటే మరీను. పెద్దవయసులో ఒంట్లో ఏ బాధ ఉన్నా ఇలా మతి తప్పినట్టు బయటపడవచ్చు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా జ్వరం రాకపోవచ్చు. ఆ రాత్రి నుంచి సిస్టర్ చార్టులో మోషన్‌కి, యూరిన్‌కి రెండు గళ్లు గీసింది. ఈ సర్వీసులో నాకు అన్నిటికన్నా విలువైనవి ఆ రెండు గళ్లే.

అలాగని ఏజెన్సీ మొత్తానికీ ఈ మెప్పు చెందదు. ఆమె సెలవు పెట్టినప్పుడు నర్సు అని చెప్పి అటెండెంట్‌ని పంపారు, రేటు మాత్రం తగ్గించలేదు. ఆ అమ్మాయి యూరిన్ బ్యాగును మంచం మీద, నాన్నగారి పక్కనే పెట్టింది. అది మంచం కన్నా కిందికి వేలాడాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు ఎవరొచ్చినా జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేశారా అని అడిగి, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూశాకే లోపలికి రమ్మంటున్నాను.

మాకు ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది, అర్ధరాత్రి ఫోనెత్తే డాక్టరున్నారు, ఖర్చు అన్నయ్యా నేనూ పంచుకుంటాం. ఇవేవీ లేకపోతే ముందు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ విభాగంలో అడగండి. మార్ఫిన్ మామూలు మందుల షాపుల్లో దొరకదు కూడా. మేమైతే ఆ సిస్టర్ వస్తున్నంత కాలం ఈ సర్వీసు కొనసాగిస్తాం. ఆమె మానేస్తే మళ్లీ ఆలోచించాలి.