ఎడారికి తీసుకెళ్ళిన ఇనుప డీజిల్ క్యాన్

మహారాష్ట్రలోని సిరోంచ నుంచి భామ్రాగఢ్ వైపు బొలెరో తోలేవాడిని, బండిలో అదనంగా డీజిల్ పెట్టుకోవడం నాకు కొత్త కాదు. ఇన్నేళ్ళూ వంటనూనె ప్లాస్టిక్ డబ్బాలోనే తీసుకెళ్ళాను. మూత కింద పాలిథీన్ ముక్క పెట్టి బిగించినా, ఇల్లు చేరేసరికి సీటు గుడ్డంతా వాసనే.

జనవరిలో నలుగురం జైసల్మేర్ బయల్దేరాం. దారిలో నాగ్‌పూర్‌లో 20 లీటర్ల ఇనుప జెర్రీ క్యాన్లు రెండు కొన్నాను, ఒక్కోటి 2,400. "ఖాళీ డబ్బాకి ఇంతా బావా!" అని మా బావమరిది గొణిగాడు. నాకైతే అందులో ప్రతి రూపాయీ గిట్టింది.

పైన మూడు పిడులు. మధ్యది పట్టుకుంటే ఒక్కడే మోయొచ్చు, పక్కవి పట్టుకుంటే ఇద్దరు. ఖాళీవైతే ఒక చేత్తో రెండు. పిడుల కింద ఉబ్బెత్తు భాగంలో గాలికి చోటుంటుంది, ఎండకి డీజిల్ వ్యాకోచించినా ఇబ్బంది లేదు. 1930లలో జర్మన్ సైన్యం కోసం చేసిన నమూనా ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వాళ్ళ పల్చటి రేకు డబ్బాలు అతుకుల దగ్గర కారిపోతుంటే, చేజిక్కిన ఈ క్యాన్లనే దాచుకుని వాడుకున్నారట. జర్మన్లను వాళ్ళు 'జెర్రీ' అనేవాళ్ళు, ఆ పేరే దీనికీ వచ్చింది.

లోపాలూ ఉన్నాయి. కొత్త క్యాన్‌లో లీటరు డీజిల్ పోసి కుదిపితే లోపలి రంగు పెచ్చులుగా వచ్చింది. చూసుకోకుండా ట్యాంకులో పోసుంటే ఫిల్టర్ జామ్ అయ్యేది. మూడుసార్లు కడిగాకే తేటపడింది. కూడా ఇచ్చిన గొట్టం మాత్రం దండగ. పోస్తుంటే క్యాన్ మెడ దగ్గర కారి చెయ్యంతా తడిసింది. జాలీ ఉన్న గరాటు విడిగా కొనుక్కోండి.

హైవే మీద లీటరుకి 14 కిలోమీటర్లు ఇచ్చిన బండి, జైసల్మేర్ దగ్గర ఖూరీ ఇసుక దిబ్బల్లో టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి నడిపితే 6 కూడా ఇవ్వలేదు. సాయంత్రానికి డీజిల్ మీటరు ముల్లు అడుగుకొచ్చింది. నిండు క్యాన్ ఒక్కోటి 20 కిలోలు దాటుతుంది. మొదట పైన క్యారియర్ మీద కట్టాం. వాలు మీద బండి పక్కకి తూగుతుంటే భయమేసి, దించి వెనక సీట్ల మధ్య నేల మీద నిలబెట్టి బెల్టుతో బిగించాను. డీజిల్ కాబట్టి సరే, పెట్రోల్ అయితే ఆవిరి బండిలోనే నిలుస్తుంది, చచ్చినా లోపల పెట్టేవాడిని కాదు. నింపేటప్పుడూ క్యాన్‌ని బండిలో ఉంచకండి, నేల మీద పెట్టి నింపించండి. స్టాటిక్ కరెంటుతో నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం మూత మీట కొంచెం ఎత్తగానే బుస్సుమని గాలి వదిలింది. ఒక్కసారిగా తెరిచుంటే మొహాన చిందేది. మూత లోపలి నల్ల వాషర్ మీద చక్కెర పలుకుల్లా ఇసుక అంటుకుంది. తడిగుడ్డతో తుడిచి మూసేదాకా సన్నగా కారుతూనే ఉంది. తుడిచాక చుక్క లేదు. ఆరు రోజులూ బండిలో డీజిల్ వాసన రాలేదు.

ఇప్పుడు ఒకటి పొలంలో పంపు ఇంజను దగ్గర పెట్టాను, ఇంకోటి బండిలోనే ఉంటుంది. కొనేవాళ్ళు అదే కొట్లో స్పేర్ వాషర్లు రెండు అడిగి తీసుకోండి, నాకు తర్వాత మా ఊళ్ళో దొరకలేదు.